కత్తి అదే, నిలబడే తీరు వేరు

డాలు పట్టుకున్న మంగోలు సైనికుడు ఎదురుగా ఉన్నాడు. డాలు వెనక మనిషి సగం కూడా కనపడడు. జిన్ సకాయ్ కత్తి ఎత్తి కొడతాడు. ఖంగుమంటుంది, అంతే. రెండో దెబ్బా అంతే. మూడోది కొట్టేలోపు ఆ డాలే వచ్చి మొహానికి తగులుతుంది. ఇప్పుడు నీటి భంగిమలోకి మారి, అదే మనిషి మీద, అదే కత్తితో, అదే మీట నొక్కండి. బరువైన దెబ్బ ఒకటి పడి, అది ఆగకుండానే రెండోదిగా మారి, దాని ఊపులోంచే మూడోది లేస్తుంది. డాలు పక్కకి ఊగుతుంది, కాలు తడబడుతుంది, ఇంతసేపూ దాక్కున్న రొమ్ము బయటపడుతుంది. ఆ తర్వాత ఒక్క వేటు చాలు.

కత్తి పదును పెరగలేదు, జిన్ చేతికి కొత్త బలమూ రాలేదు. అతను నిలబడ్డ తీరు ఒక్కటే మారింది. 'ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా' అనే వీడియో గేమ్‌లో పొగడదగ్గవి బోలెడున్నాయి. దారి చూపించే గాలి ఉంది, నడుము లోతు తెల్ల గడ్డి ఉంది, నక్క వెంట పరుగెత్తి గుడి చేరుకోవడం ఉంది. వాటిని అందరూ పొగిడారు కాబట్టి నేను వదిలేస్తాను. కత్తి పట్టుకుని నిలబడడం అనే ఒక్క పనిని ఈ ఆట తయారుచేసినవాళ్లు ఎంత ఓపిగ్గా చెక్కారో, అది చెప్పుకుందాం.

ఆట సంగతి తెలియని వారికి నాలుగు ముక్కలు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూలో సకర్ పంచ్ అనే సంస్థ ఉంది. నేట్ ఫాక్స్, జేసన్ కానెల్ నడిపించగా వాళ్లు దీన్ని తయారుచేశారు. సోనీ కంపెనీ 2020 జూలై 17న ప్లేస్టేషన్ 4 మీద విడుదల చేసింది. మరుసటి ఏడు ఆగస్టులో ఇకి ద్వీపం కథ కలిపి డైరెక్టర్స్ కట్ వచ్చింది, 2024 మేలో కంప్యూటర్లకూ వచ్చింది. కథాకాలం 1274. కుబ్లాయ్ ఖాన్ పంపిన ఓడలు కొరియా వైపు నుంచి వచ్చి, జపాన్‌కి ముందు తగిలే త్సుషిమా ద్వీపం మీద పడ్డాయి. ఆ ద్వీపం అధికారి సో సుకెకుని ఎనభై మంది రౌతులతో కొమోదా తీరంలో ఎదురు నిలిచి చనిపోయాడని అక్కడి కథనం. ఆట ఆయన్ని పక్కన పెట్టి, ఆ స్థానంలో కల్పిత మనుషుల్ని నిలబెట్టింది. ద్వీపాన్ని ఏలే షిమురా ప్రభువు, ఆయన మేనల్లుడు జిన్, దండెత్తి వచ్చిన ఖోటున్ ఖాన్.

జిన్‌కి నాలుగు భంగిమలు. రాయి, నీరు, గాలి, చంద్రుడు. కత్తివాడి మీద రాయి పనిచేస్తుంది. డాలువాడి మీద నీరు. బల్లెంవాడి మీద గాలి. గదల్లాంటివి పట్టుకుని కొండలా వచ్చే భారీ మనుషుల మీద చంద్రుడు. చేతిలో పట్టిన పరికరం మీద కుడివైపు వెనక మీట ఒకటి నొక్కి పట్టుకుని, దాంతోపాటు నాలుగు గుర్తుల్లో ఒకటి నొక్కితే భంగిమ మారుతుంది. ఇంటూ గుర్తుకి రాయి, సున్నాకి నీరు, త్రికోణానికి గాలి, చదరానికి చంద్రుడు. ఆ మీట పట్టుకున్నంతసేపూ కాలం కాస్త నెమ్మదిస్తుంది. ఆలోచించుకోవడానికి ఆట ఇచ్చే వ్యవధి అంతే, గుటక వేసేంత.

నాకీ ఆట నేర్పింది నెల్లూరు జిల్లా ఆత్మకూరులో ఉండే మా మేనల్లుడు. ఇంటర్ చదివే పిల్లాడు. జిన్‌కి గుర్రం ఎక్కడం, విల్లు పట్టడం మేనమామ నేర్పితే, మా ఇంట్లో వ్యవహారం తిరగబడింది. నేను మీటలన్నీ కలిపి బాదుతుంటే వాడు తల పట్టుకున్నాడు.

"అట్టా గుద్దుకుంటా పోతే యెట్టా మామా? ముందు వాడి చేతిలో ఏముందో చూడు."

"డాలు ఉండాది."

"డాలుకి ఏంది?"

"నీళ్లు."

"మరి నొక్కు!"

వాడు అడిగిన మొదటి ప్రశ్నే ఈ ఆటలో కత్తియుద్ధానికి ఆయువుపట్టు. మామూలు కొట్లాట ఆటల్లో మన వేళ్ల వేగమే విద్య. పదేళ్ల పిల్లాడు నిమిషానికి ఎన్ని మీటలు నొక్కగలడో అంత వీరుడు. ఇక్కడ వేళ్లకంటే ముందు కళ్లు పనిచేయాలి. వెదురు పొదలోంచి ఆరుగురు బయటికొస్తారు. ఇద్దరి దగ్గర కత్తులు, ఒకడి దగ్గర డాలు, ఇద్దరి దగ్గర బల్లేలు, వెనక నింపాదిగా నడిచొచ్చే లావుపాటి వాడొకడు. ఎవణ్ని ముందు ముట్టుకోవాలి, వాడిని ఏ కాలు మీద నిలబడి ముట్టుకోవాలి, వాడు పడేసరికి పక్కకి ఎవడొస్తాడు, ఈ లెక్కంతా మొదటి దెబ్బకి ముందే మనసులో తయారైపోవాలి. లెక్క తప్పితే మన కత్తి గాలిలో ఉండగానే బల్లెం పక్కటెముకల్లోకి దిగుతుంది.

ఇందులో పొదుపు చూడండి. మామూలు దెబ్బకి చదరం, బరువు దెబ్బకి త్రికోణం. నాలుగు భంగిమల్లోనూ ఇవే రెండు. కొత్త భంగిమ వచ్చినప్పుడల్లా కొత్త మీటలు నేర్చుకునే పని లేదు. పాత మీటకే కొత్త అర్థం వస్తుంది. త్రికోణం నొక్కి పట్టుకుంటే రాతి భంగిమలో కత్తి మొన ముందుకి దూసుకెళ్లి పొడుస్తుంది. గాలి భంగిమలో అదే మీటకి కాలు లేస్తుంది, గుండెల మీద తన్నుతుంది. కొండ అంచున నిలబడ్డ బల్లెంవాడైతే ఆ తన్నుకి లోయలోకి పోతాడు. మావాడికి ఇదంటే ప్రాణం. బల్లెం కనిపిస్తే చాలు, వాణ్ని మెల్లగా అంచు దాకా నడిపించుకుంటూ పోయి మరీ తంతాడు. నీటి భంగిమలో అదే త్రికోణం వరస దెబ్బలవుతుంది. డాలుకి అదే మందు. డాలు ఒక దెబ్బని ఆపగలదు, ఒకదాని మీద ఒకటి పడే నాలుగైదు దెబ్బల్ని ఆపలేదు.

ఈ తట్టుకోవడం, తట్టుకోలేకపోవడం అన్నదానికి ఆటలో ఒక కొలత ఉంది. శత్రువుకి ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీతతో పాటు, నిలకడ ఎంత మిగిలిందో చూపే గీత ఇంకొకటి ఉంటుంది. బరువు దెబ్బలు ముందు ఈ రెండో గీతనే తింటాయి. అది అయిపోతే మనిషి తూలిపోతాడు, అప్పుడు ప్రాణం గీత మీద పడొచ్చు. సరైన భంగిమ చేసే మేలంతా ఈ నిలకడ గీత మీదే. అంటే ఈ నాలుగు భంగిమలూ అవతలివాణ్ని చంపే విద్యలు అనడం కంటే, అవతలివాడి కాళ్ల కింద నేల కదిలించే విద్యలు అనడం న్యాయం. మనం నిలబడడం నేర్చుకునేది అతన్ని నిలబడనీయకుండా చేయడానికి. తయారీదారుల్లో ఎవరో కత్తియుద్ధం గురించి గట్టిగా ఆలోచించే ఈ రెండు గీతల్నీ విడదీసి ఉంటారు. విడదీయకుండా ఒకే గీత పెట్టి ఉంటే నాలుగు భంగిమలూ నాలుగు రంగుల అంగీల్లాగా మిగిలేవి.

మన వైపు కర్రసాము చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. పల్లెల్లో పీర్ల పండక్కో, దసరాకో కర్ర తిప్పే వాళ్లని చూడండి. జనం కళ్లు కర్ర మీదుంటాయి. విద్య తెలిసిన ముసలాయన మటుకు ఆడేవాడి పాదాలు చూస్తుంటాడు. నేర్పేటప్పుడూ అంతే, ముందు అడుగులు, తర్వాతే కర్ర. అడుగు కుదరనివాడు కర్ర ఎంత వేగంగా తిప్పినా ఎదుటివాడు ఒక్క పోటుకి పడేస్తాడు.

సినిమా కత్తియుద్ధం లెక్క వేరు. మా తరానికి కత్తి అంటే జానపద సినిమా, జానపద సినిమా అంటే కాంతారావు. ఆయన పేరుకి ముందు 'కత్తి' అని జనమే చేర్చారు. ఎదురుగా చాలాసార్లు రాజనాల. రాజనాలది మన జిల్లాలోని కావలే. మన జిల్లా మనిషి ప్రతి సినిమాలోనూ చివర్లో పొడిపించుకుని చస్తుంటే చప్పట్లు కొట్టిన ఊళ్లు మావి. ఆ యుద్ధాల్లో మెట్లెక్కడం, స్తంభం చుట్టూ తిరగడం, తెర కోసుకుని కిందికి జారడం, మధ్యలో రెండు మాటలు అనుకోవడం, అదంతా ఒక అందం. అక్కడ నిలబడే తీరు కథానాయకుడి సొగసు కోసం. ఎదురుగా రాజనాల ఉన్నా, రాక్షసుడున్నా ఆయన నిలుచోవడం మారదు, మారితే అభిమానులు ఒప్పుకోరు కూడా. త్సుషిమాలో నిలబడే తీరుని ఎదుటివాడి చేతిలోని ఆయుధం నిర్ణయిస్తుంది. (ఆటలో జపాను సినిమా దర్శకుడు కురొసావా పేరుతో ఒక నలుపు తెలుపు పద్ధతి కూడా పెట్టారు. బొమ్మ మీద గీతలు, పాత శబ్దం, అన్నీ వస్తాయి. అది పెట్టుకుని ఆడుతుంటే మా పెద్దమ్మ వచ్చి "ఎవరిదబ్బాయ్ సినిమా?" అని కూర్చుంది. అయితే అందులో ఏ శత్రువు బట్టల రంగేంటో తెలియక తన్నులు తినాల్సి వస్తుంది.)

ఇక ఈ భంగిమల్ని జిన్ నేర్చుకునే పద్ధతి. నా దృష్టిలో ఆట మొత్తానికి ఇదే మేలిమి పని.

రాతి భంగిమ ఒక్కటే అతనికి మొదటినుంచీ వచ్చు. మిగతా మూడూ శత్రువు దగ్గర నేర్చుకోవాలి. ద్వీపమంతా మంగోలు శిబిరాలున్నాయి, ఒక్కో శిబిరానికి ఒక నాయకుడు. అతన్ని చంపితే కొత్త భంగిమ వైపు ఒక మెట్టు ఎక్కుతాం. చంపకుండా, గడ్డిలోనో గోడ వెనకో నక్కి, అతను ఆయుధం తిప్పి సాధన చేస్తుంటే కాసేపు కదలకుండా చూసినా ఒక మెట్టే. చంపడానికీ చూడడానికీ ఒకే విలువ కట్టిన కొట్లాట ఆటలు ఎన్ని ఉంటాయి? అలా చూసేటప్పుడు మన చేతికి పనేమీ ఉండదు. గుడారాల మధ్య ఒక మనిషి ఒంటరిగా గాల్లో దెబ్బలు కొట్టుకుంటూ ఉంటాడు. పక్కన కాపలావాడు తిరుగుతుంటాడు, కనపడితే గొడవ. మనం చూస్తూ ఉండాలి, అంతే. డాలు ఎక్కడ బలమో, బల్లెం ఎక్కడ ఖాళీ వదులుతుందో జిన్‌కి ఆ చూపులోంచే తెలుస్తుంది.

దీని వెనక కథలో ఒక మెలిక ఉంది. ఆట మొదట్లోనే కొమోదా తీరంలో సమురాయిల వైపు నుంచి అదాచి ప్రభువు ముందుకి వెళ్తాడు. తన పేరు, వంశం గట్టిగా చెప్పి, మీలో మొనగాడు ఎవడో రమ్మంటాడు. అది వాళ్ల యుద్ధ మర్యాద. ఖోటున్ ఖాన్ నింపాదిగా నడిచొచ్చి, చేతిలో ఉన్న పానీయం అతని మీద చల్లి, నిప్పంటించి, తల నరికేస్తాడు. ఆ తర్వాత సమురాయిల భాషలోనే మాట్లాడతాడు. మీ భాష, మీ ఆచారాలు, మీ నమ్మకాలు అన్నీ నేర్చుకునే వచ్చానంటాడు. అతని బలం ఓడలు, మందుగుండు ఒక్కటే కాదు, ఎదుటివాళ్లని చదువుకుని రావడం కూడా. జిన్ శిబిరాల చాటున కూర్చుని చేసేది సరిగ్గా అదే పని, ఈసారి అటునుంచి ఇటు. ఖాన్ సమురాయిని చదివాడు, జిన్ ఖాన్ మనుషుల్ని చదువుతాడు. ఈ మాట ఆటలో ఏ పాత్రా నోరు తెరిచి చెప్పదు. మీటలు నొక్కే మన వేళ్లకే తెలుస్తుంది. కథనీ ఆటనీ వేరు వేరు కుండల్లో వండి ఆఖర్న కలిపేసే వాళ్లు చాలామంది. ఇక్కడ రెండూ ఒకే పొయ్యి మీద ఉడికాయి.

చరిత్రలో కూడా ఎదుటివాళ్లని చదవకపోవడం ఉంది. 1274లో హకాటా దగ్గర జపాను వాళ్లు ఆచారం ప్రకారం ముందుగా ఈల వేసే బాణం ఒకటి వదిలితే, మంగోలు సైన్యం పగలబడి నవ్విందని 'హచిమాన్ గుదోకున్' అనే పాత గ్రంథంలో ఉంది.

ఇది చదివినప్పుడు, ఎదురున్నదాన్ని చదివి గెలిచిన కథగా నాకు మా పక్క ఊరి కొండే గుర్తొచ్చింది. ఆత్మకూరు వాళ్లకి ఉదయగిరి దుర్గం కొత్తేం కాదు. మెట్ట ప్రాంతంలో ఎటు తిరిగినా ఆ కొండ కనపడుతుంది. ఎత్తు 3,079 అడుగులు. కొన్ని వైపుల నిట్టనిలువు చరియలు. కోటలో కట్టడాలు కొన్ని కొండ మీద, కొన్ని కింద. 1513లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి ముట్టడించే నాటికి ఇది ఒడిశా గజపతుల చేతిలో ఉంది. విజయనగరం సైన్యం ఎంత పెద్దదైనా, ఆ కొండ ముందు ఏనుగులకీ గుర్రాలకీ పనిలేదు. తర్వాత కొన్నేళ్లకి విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ న్యూనిజ్ ఈ ముట్టడి గురించి రాశాడు. కోటకి దారి ఒక్కటే, అదీ ఇరుకు. రాయలు కొండలు తొలిపించి, బండలు పగలగొట్టించి, తన సైన్యానికి కొత్త దారులు వేయించాడట. ఏడాదిన్నర పట్టిందని న్యూనిజ్ లెక్క. 1514లో కోట లొంగింది. కోటలోని గజపతి బంధువు తిరుమల రౌతరాయడు పట్టుబడ్డాడు. ఉదయగిరి నుంచి తీసుకెళ్లిన బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు 1515లో హంపీలో గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. రాయలు కొత్త ఆయుధమేదీ తెప్పించలేదు. ఉన్న సైన్యాన్నే ఆ కొండకి తగినట్టు నిలబెట్టాడు.

అదే యుద్ధాల వరసలో న్యూనిజ్ ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఉదయగిరి తర్వాత కొండవీడు పడింది. గజపతి కొడుకు వీరభద్రుడు రాయల చేతికి చిక్కాడు. కత్తిలో ఆరితేరినవాడని పేరు. రాయలు అతన్ని పిలిపించి, నీ విద్య చూడాలని ఉందన్నాడు. మర్నాడు ఎదురుగా ఒక మంచి కత్తివాడిని నిలబెట్టాడు. అతను రాజవంశం వాడు కాదు. వీరభద్రుడికి అది భరించరాని అవమానమైంది. అలాంటివాణ్ని తాకనని చెప్పి, అక్కడే ప్రాణం తీసుకున్నాడని న్యూనిజ్ రాశాడు. కర్ణాటకలో దొరికిన ఒక శాసనం అతన్ని ఆ తర్వాత రాయల కిందే అధికారిగా చూపుతుంది కాబట్టి ఈ కథని అక్షరం అక్షరం నమ్మనక్కర్లేదు. నమ్మినా నమ్మకపోయినా, కథలోని ఆ మనిషి మాత్రం కొమోదా తీరంలో అదాచి ప్రభువు పక్కన నిలబడాల్సినవాడే. ఎదురున్నది ఎవరు అన్నదే అతను చూశాడు. ఆ మనిషి కత్తి ఎలా పట్టాడో చూడలేదు. జిన్‌కైతే ఎదుటివాడు ఏ వంశం, ఏ దేశం అన్నది అక్కర్లేదు, నేర్చుకోదగ్గది ఉంటే శత్రువు శిబిరం చాటునైనా కూర్చుంటాడు. అందుకే మేనమామ షిమురాకి మేనల్లుడితో చెడింది. ఆట అంతా సాగే పరువు తగాదాకి తొలి విత్తనం ఈ భంగిమల్లోనే పడిందని నాకనిపిస్తుంది.

మళ్లీ పనితనంలోకి వద్దాం. పైకి కనపడని కొన్ని చిన్న పనులు ఈ నాలుగు భంగిమల్నీ మోస్తున్నాయి. ఆట మొదట వచ్చినప్పుడు శత్రువు మీద చూపు బిగించి ఉంచే మీట లేదు. చాలామంది విసుక్కున్నారు, డైరెక్టర్స్ కట్ నాటికి ఆ సౌకర్యం చేర్చారు. నేను మాత్రం అది లేకుండానే ఆడమంటాను. ఒక్కడి మీద చూపు బిగిస్తే మిగతా ఐదుగురి చేతుల్లో ఏముందో కనపడదు. భంగిమలు ఉన్నదే ఆ ఆరుగుర్నీ ఒక్క చూపులో చదవడానికి. ఎటు తోస్తే అటున్న వాడి మీదికి జిన్ తిరుగుతాడు, అది చాలు. ఇంకోటి, కెమెరాకి అందకుండా ఎక్కడో వెనక నిలబడ్డ విలుకాడు బాణం వదిలే ముందు అరుస్తాడు. వినపడగానే పక్కకి దొర్లొచ్చు. యుద్ధంలో ఎవడూ అలా అరవడు, అది మనకి ఆట ఇచ్చిన మర్యాద. కానీ మంగోలు భాషలో ఆ అరుపు ఎంత సహజంగా కలిసిపోతుందంటే, అది సాయమని కూడా తోచదు, భయం వేస్తుంది.

శత్రువు ఆయుధం మీద మెరిసే మెరుపులు కూడా అంతే. నీలం మెరిస్తే సమయానికి కత్తి అడ్డం పెట్టి తిప్పికొట్టొచ్చు. ఎర్రగా మెరిస్తే అడ్డం పెట్టి లాభం లేదు, తప్పుకోవాలి. ఈ రెండు రంగులూ, నాలుగు భంగిమలూ కలిపితే లెక్క చిన్నదే. అయితే ఆరుగురు ఒకేసారి మీదపడినప్పుడు ఆ చిన్న లెక్కే చెమటలు పట్టిస్తుంది. ఆట వచ్చాక చేర్చిన 'లీథల్' కష్టస్థాయిలో అయితే మరీను. అందులో మనమూ రెండు మూడు దెబ్బలకే పోతాం, వాళ్లూ పోతారు. భంగిమ తప్పు పెట్టుకుని ఒక్క దెబ్బ వృథా చేస్తే చాలు. ఆట అసలు రుచి ఆ స్థాయిలోనే తెలుస్తుందని నా అభిప్రాయం. ఓపిక లేనివాళ్లు మామూలు స్థాయిలో ఆడుకోవచ్చు, తప్పేం లేదు.

చరిత్ర తెలిసినవాళ్లు ఇక్కడ ముక్కు విరుస్తారు, విరవాలి కూడా. 1274 నాటి సమురాయి ప్రధానంగా గుర్రం మీది విలుకాడు. అతని నడుముకి వేలాడింది 'తాచి' అనే మరింత వంపున్న కత్తి. జిన్ చేతిలోని కతానా ఆ రూపానికి వచ్చింది తర్వాతి శతాబ్దాల్లో. కత్తివిద్యని సంప్రదాయాలుగా, భంగిమలుగా పేర్లు పెట్టి నేర్పడం కూడా 15వ శతాబ్దం నుంచి బలపడిన సంగతి. జపాను కత్తివిద్యలో నిజంగానే పంచభూతాల్లాంటి లెక్కతో ఐదు భంగిమలున్నాయి. కత్తిని నడిమి ఎత్తులో ఎదుటివాడి వైపు పట్టి నిలబడితే నీరు, తల పైకి ఎత్తితే నిప్పు, కిందికి దించితే నేల, భుజం పక్కన నిటారుగా పెడితే చెట్టు, నడుము వెనక దాచిపెడితే లోహం. ఆట దగ్గరున్న రాయి, గాలి, చంద్రుడు ఈ పట్టికలో లేవు. నీరు ఒక్కటే రెండుచోట్లా ఉంది, దాని పని కూడా రెండుచోట్లా ఒకటి కాదు. 17వ శతాబ్దంలో మియామోటో ముసాషి తన గ్రంథాన్ని నేల, నీరు, నిప్పు, గాలి, శూన్యం అని ఐదు భాగాలు చేశాడు. ఏ భంగిమకీ అంటుకుపోవద్దు, ఎదుటివాణ్ని బట్టి కత్తి ఎక్కడుండాలో అక్కడుంటుందన్నది అతని బోధ సారం. పేర్లలో, కాలంలో ఆట తప్పినా ఈ సారాన్ని మాత్రం పట్టుకుంది. అందుకే నాకు కోపం రాదు. పుస్తకం చూసి ఐదు భంగిమల్నీ యథాతథంగా దించి, ఎప్పుడు ఏది వాడినా ఒకటే అన్నట్టు వదిలేసి ఉంటే అప్పుడు వచ్చేది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. నాలుగూ చేతికొచ్చాక, ఆట సగం దాటాక, ఈ చదవడం కాస్తా ఎక్కాలు అప్పజెప్పడం అవుతుంది. డాలంటే నీరు, బల్లెమంటే గాలి, బుర్రకి పని తగ్గిపోయి వేలు దానంతట అదే పోతుంది. అక్కడ రెండు ఆయుధాలు మార్చే శత్రువులు వచ్చి ఉంటే బాగుండేది. ఆ సంగతి వాళ్లకీ తెలిసినట్టుంది, ఇకి ద్వీపం భాగంలో పోట్లాట మధ్యలోనే ఆయుధం మార్చేవాళ్లని దింపారు. వాళ్లతో మళ్లీ కళ్లు తెరుచుకున్నాయి. ఇంకోటి 'ఘోస్ట్ స్టాన్స్' అనే ఐదోది. అది పూనగానే తెర రంగే మారిపోతుంది, జిన్ ఒక్కో దెబ్బకి ఒక్కొక్కణ్ని నరికేస్తాడు. చూడ్డానికి రోమాంచితంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ అందులో ఎవడి చేతిలో ఏముందో చూడక్కర్లేదు. చూపు మీద కట్టిన మేడకి పైన చూపు అక్కర్లేని గది ఒకటి వేసినట్టు ఉంది. మావాడు ఒప్పుకోడు. "ఎప్పుడూ లెక్కలేనా మామా, అప్పుడప్పుడూ ఊపు కూడా ఉండాల" అంటాడు.

ద్వంద్వ యుద్ధాల్లో సంగతి ఇంకోలా ఉంటుంది. ఎదురుగా ఒక్కడే, చాలాసార్లు కత్తివాడే, కాబట్టి రాతి భంగిమే గతి. బాంబులు, విసురు కత్తులు అక్కడ పనిచేయవు. మార్చుకోడానికి ఏమీ లేనప్పుడు మిగిలేది సమయం ఒక్కటే. అవతలివాడి కత్తి కదిలిన క్షణానికీ మన కత్తి అడ్డం వెళ్లే క్షణానికీ మధ్య ఉండే ఎడం. ఎర్రటి ఆకులు రాలే చోటో, దీపాలు తేలే నీళ్ల మధ్యో ఇద్దరూ నిలబడతారు. బొమ్మ అందం అంతా అక్కడ ఒలకబోశారు గానీ, ఆడేటప్పుడు అవి చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఓడిపోయి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు చూడొచ్చు.

2025 అక్టోబర్ 2న ఇదే సంస్థ నుంచి 'ఘోస్ట్ ఆఫ్ యోటే' వచ్చింది. కథ 1603లోకి, ఉత్తరాన ఎజో ప్రాంతానికి జరిగింది. కథానాయిక అత్సు. ఇందులో భంగిమలు తీసేశారు. వాటి బదులు ఆయుధాలిచ్చారు. జంట కత్తులు, బల్లెం, గొలుసు కొడవలి, మనిషంత పొడవున్న ఒడాచి కత్తి. డాలుకి గొలుసు కొడవలి, భారీ మనిషికి ఒడాచి, ఇలా జవాబులు పంచారు. ఎదుటివాడి చేయి చూసి మారడం అనే మూలసూత్రం పోలేదు. చూడ్డానికి వైవిధ్యం పెరిగింది, గొలుసు తిరిగే శబ్దం చేతిలోని పరికరంలో గరగరమంటుంటే ఎవరికైనా సరదాయే. అత్సు ఈ ఆయుధాల్ని గురువుల దగ్గరికి వెళ్లి, వాళ్లు పెట్టిన పరీక్షలు ఓర్చుకుని నేర్చుకుంటుంది. పద్ధతిగా ఉంది. అయినా శత్రువు గుడారం వెనక గడ్డిలో పడుకుని వాడి విద్యని వాడికి తెలియకుండా పట్టుకొచ్చిన జిన్ చదువే నాకు ఎక్కువ ఇష్టం. ఆయుధం మారిస్తే ఎదుటివాడు కూడా చూసి తెలుసుకుంటాడు. ఉన్న కత్తితోనే కాలు జరిపి నిలబడితే, దెబ్బ తగిలే దాకా అవతలివాడికి తెలియదు. మూడో ఆట అంటూ వస్తే వాళ్లు మళ్లీ ఒక్క కత్తికే తిరిగి రావాలని నా కోరిక. మావాడు మటుకు ఒడాచి కావాలంటున్నాడు.